చెంపదెబ్బ చప్పుడు

ఎనభైల నడుమ, శివరాత్రి వెళ్ళిన వారం, మా సిరిసిల్ల నాటక సమాజం కోరుట్లలో ఆట ఒప్పుకుంది. అందులో నాది ఇన్‌స్పెక్టర్ పాత్ర. కరపత్రంలో నా పేరు ముందు 'కఠిన పాత్రల మల్లేశం' అని వేసేవారు. అప్పటికే చాలా ఏళ్ళుగా నేను వేసినవన్నీ అవే. దొర, పటేలు, వడ్డీ షావుకారు, ఇన్‌స్పెక్టర్. చెడ్డవాడు కాని వేషం ఒక్కటి ఇమ్మని మేనేజరు నర్సింహులును ఎన్నిసార్లు అడిగినా, "నీ గొంతు గట్ల పుట్టింది, నేనేం జేద్దు" అనేవాడు.

నేను బడికి పోయినవాణ్ణి కాదు. మగ్గాలకు నూలు కండెలు చుట్టే ఇంట్లో పుట్టి, గోడల మీది పోస్టర్లు చూసి అక్షరాలు కూడబలుక్కున్నవాణ్ణి. కానీ నా పని నేను శాస్త్రంగా నేర్చుకున్నాను. ఈ మాట ఎందుకంటున్నానంటే, ఈనాడు మీసం మెలేసి గొంతు చించుకునే ప్రతివాడూ విలన్ అయిపోతున్నాడు. మొన్న ఒక పెళ్ళిలో ఒకాయన నన్ను పట్టుకుని, "విలన్ వేషానికేం కావాలె, ముఖం ఉంటే సాలు గదా" అన్నాడు. వయసులో చిన్నవాడు కాబట్టి ఊరుకున్నాను. ముఖం మాట అటుంచండి, నా మీసం కూడా నాది కాదు. వెంట్రుకల మీసం జిగురుతో అంటించుకునేవాణ్ణి. అది తీసేస్తే నన్ను సిరిసిల్ల బజారులో ఎవరూ గుర్తుపట్టేవారు కాదు.

మా సమాజంలో పాత్రలకు ఒక వరుస ఉండేది. మొదట హీరో. తర్వాత వరంగల్లు నుంచి పిలిపించే నటీమణి. ఆ తర్వాత కఠిన పాత్ర, ఆ తర్వాత హాస్యం. వీళ్ళందరి పేర్లూ కరపత్రంలో పడేవి. అట్టడుగున ఒక వేషం ఉండేది, దానికి పేరే లేదు. మాలో మేము 'దెబ్బల వేషం' అనుకునేవాళ్ళం. దొర కొడితే పడేవాడు, ఇన్‌స్పెక్టర్ తంతే మూలిగేవాడు. ఆ వేషం ఎల్లయ్యది. తంగళ్ళపల్లి మనిషి. భూమి లేని ఇల్లు. పగలు సాంచాల షెడ్లలో, అంటే మరమగ్గాల షెడ్లలో, నూలు మూటలు మోసి, ఆట ఉన్న రోజున మాతో వచ్చేవాడు. ఎన్ని ఊళ్ళు తిరిగినా అతని పేరు కరపత్రంలో ఒక్కసారి పడలేదు. అడిగితే మేనేజరు, "దెబ్బలు దినేటోని పేరు సూసి ఆటకెవడస్తడు?" అనేవాడు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఎందుకంటే అసలు సంగతి ఇది. రంగస్థలం మీద చెంపదెబ్బ కొట్టేవాడు కొట్టడు. అతని చెయ్యి ఎదుటివాని చెంపకు జానెడు దూరం నుంచి వెళ్ళిపోతుంది. చప్పుడు చేసేది దెబ్బ తినేవాడు. ముఖం పక్కకు తిప్పుతూ, జనానికి కనబడని వైపు నడుము దగ్గర రెండు అరచేతులు కలిపి చప్పట్టు కొడతాడు. నా చెయ్యి, అతని మెడ, ఆ చప్పట్టు, మూడూ ఒక్క రెప్పపాటులో కలవాలి. ముందు పడితే జనం నవ్వుతారు, వెనక పడితే ఈలలు వేస్తారు. మూటలు మోసి మోసి ఎల్లయ్య అరచేతులు పలకల్లాగా ఉండేవి. అతను చప్పట్టు కొడితే వెనక వరుసలో కూర్చున్న ఆడవాళ్ళు చెంపలు పట్టుకునేవారు. మరునాడు హోటల్లో నేను చాయ్ తాగుతుంటే పక్క బల్ల మీదివాళ్ళు జరిగి కూర్చునేవారు. నా కాఠిన్యం అని లోకం అనుకున్నది ఎల్లయ్య చేతుల్లో ఉండేది.

ఇక ఆ కాలం సంగతి. జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని సర్కారు ప్రకటించిన తర్వాత నాటకం ఆడాలంటే పోలీస్ స్టేషన్‌లో నాటకం రాతప్రతి ఇచ్చి పర్మిషన్ తీసుకోవాలి. మైకుకు వేరే పర్మిషన్. మా ఆటలో ఇన్‌స్పెక్టర్ దొర మాట విని అమాయకుడైన జీతగాణ్ణి దొంగతనం ఒప్పుకొమ్మని కొడతాడు. దానికి పర్మిషన్ ఎట్లా వచ్చిందంటారేమో, చివర్లో పెద్ద ఆఫీసరు వచ్చి ఆ ఇన్‌స్పెక్టర్‌ను సస్పెండ్ చేసే ముక్క మేనేజరు పర్మిషన్ కోసమే కలిపాడు. ప్రతి ఊళ్ళో జనం ఆ ముక్కకు లేచి ఇంటిదారి పట్టేవారు.

ఖాకీ బట్టలు వెంట తిప్పుకోవడం అటు పోలీసులతో, ఇటు అడవిలోని అన్నలతో, రెండు దిక్కులా భయమే. ఒకసారి పెగడపల్లిలో ఆట అయ్యాక ఎవరో తెలియని మనిషి తెర వెనకకు వచ్చి, "అన్నా, ఆ డ్రెస్ ఎక్కడిది?" అని మెల్లగా అడిగాడు. అడిగిన తీరు నాకు నచ్చలేదు. బెల్టు విప్పి చూపించాను. ప్యాంటుకు గుండీ లేదు, పైజామాకు కట్టినట్టు బొందు ఉంది. ఆయన నవ్వి వెళ్ళిపోయాడు. నా ప్రాణం ఆ బొందు కాపాడిందని ఎల్లయ్య చాలా రోజులు నన్ను ఆటపట్టించాడు.

బట్టలతో పాటు ఒక తుపాకీ ఉండేది. మడమ టేకు కట్టెది. గొట్టం మాత్రం ఇనుముది. లైటు పడితే మెరవాలని మేనేజరు పాత సాంచె నుంచి ఇనుప గొట్టం ఒకటి విప్పించి బిగించాడు. అప్పుడు అది గొప్ప తెలివి అనుకున్నాం. ఆ రోజుల్లో పోలీసులు ఊరూరా వెతుకుతున్నది సరిగ్గా అటువంటి గొట్టాలతో చేసిన నాటు తపంచాల కోసమేనన్న ఆలోచన మాలో ఒక్కడికి రాలేదు.

మా పద్ధతి ప్రకారం సామాను ఒకరోజు ముందు పోవాలి. స్టేజీ కట్టించుకునేందుకు ఎల్లయ్య సామాను పెట్టెతో కోరుట్ల బస్సెక్కాడు. అంతకుముందు ఆటకు పోయినప్పుడు బస్సు పైన కుదుపులకు తుపాకీ మడమ విరిగింది. మళ్ళీ విరగొద్దని అతను తుపాకీని పెట్టెలోంచి తీసి, ఖాకీ బట్టల్లో చుట్టి, పైన గొంగడి కప్పి, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. సామాను మీద ప్రేమ ఉన్న నాటకాలవాడు తప్ప ఇంకెవడూ చేయని పని అది. దారిలో పోలీసులు చెకింగ్ పెట్టారు. ఖాకీలో చుట్టిన ఇనుప గొట్టాన్ని పొత్తిళ్ళలో పిల్లలాగా పట్టుకుని కూర్చున్న మనిషిని చూస్తే వాళ్ళకు ఏమనిపిస్తుందో నేను వేరే చెప్పనక్కరలేదు.

మరునాడు పొద్దున మేము సిరిసిల్ల బస్టాండులో ఉండగా ఆ బస్సు కండక్టర్ మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు.

"మల్లేశమన్నా, మీ దెబ్బలాయన్ని దింపుకున్నరే" అన్నాడు. "నాటకమోన్ని, నాటకమోన్ని అని మొత్తుకున్నడు. ఎవలిన్నరు. జెల్ది పోండ్రి. ఇంక కోర్టుకు తోలినట్టు లేదు."

కోర్టుకు తోలలేదు అన్న మాటకు ఆ రోజుల్లో ఏం అర్థమో మా దిక్కు పిల్లలకు కూడా తెలుసు. మేజిస్ట్రేటు ముందు నిలబెడితే మనిషి జైలుకు పోతాడు, ఎప్పుడో ఒకనాడు తిరిగి వస్తాడు. నిలబెట్టకపోతే ఒక్కోసారి ఏ గుట్ట పక్కనో ఎదురుకాల్పులు జరిగాయని పత్రికలో వస్తుంది. మేనేజరు బెంచీ మీద కూలబడ్డాడు. నేను అతన్ని రెక్క పట్టి లేపి బస్సెక్కించాను. రాతప్రతి, కోరుట్లలో ఇచ్చిన పర్మిషన్ కాగితం సంచిలో పెట్టుకున్నాం.

ఆ స్టేషన్ పేరు రాయను. ముందర ఇసుక బస్తాలు, వాటి వెనక తుపాకులు. ఎస్సై కోస్తా దిక్కు నుంచి వచ్చిన మనిషి, నాకంటే చాలా చిన్నవాడు. న్యాయంగా ఒక మాట చెప్పాలి, ఆయన రాక్షసుడేమీ కాదు. భయపడ్డ మనిషి. ఆకు రాలినా గేటు వైపు చూస్తున్నాడు. కానీ భయపడ్డ మనిషి చేతిలో లాఠీ ఉంటే అది రాక్షసుని చేతిలో ఉన్నదానికంటే తక్కువేమీ తగలదు.

కాగితం చూసి పక్కన పడేశాడు. "నాటకాలు వాళ్ళూ ఆడతారు, పాటలు వాళ్ళూ పాడతారు. ఆటపాటల ముసుగులో తిరిగేవాళ్ళనే పట్టుకోమని మాకు ఆర్డరు. పర్మిషన్ నీకిచ్చారు. గొట్టానికి ఇచ్చారా?"

మేనేజరు నన్ను ముందుకు తోశాడు. నేను నోరు తెరిచి, ఇరవై ఊళ్ళలో ఆడిన ఆట సార్ అన్నాను. మీసం లేదు కాబట్టి ముఖం ఎవరికీ తెలియలేదు గాని, గొంతు వినగానే వరండాలో ఉన్న జమేదారు తల తిప్పాడు. జమేదారు అంటే హెడ్ కానిస్టేబుల్, మా దిక్కు మనిషే.

"సార్, ఈ గొంతు నాకెర్కే" అన్నాడు. "సందుర్తిల మా బామ్మర్ది ఇంటికి పోయినప్పుడు సూసిన. ఇన్‌స్పెక్టర్ యేషమేస్తడు సార్. మస్తు కొడ్తడు."

ఎస్సై నన్ను పైనుంచి కిందికి చూశాడు. "అయితే కొట్టి చూపించండి. నువ్వూ, లోపలున్నవాడూ నిజంగా ఆ పని చేసేవాళ్ళో కాదో ఇక్కడే తేలిపోద్ది."

ఎల్లయ్యను తీసుకొచ్చారు. కాళ్ళు ఎడంగా పెట్టి నడుస్తున్నాడు. చేతులు రెండూ చంకల్లో దాచుకున్నాడు. నన్ను చూసి, "అచ్చినవా అన్నా" అన్నాడు, బజార్లో కనబడ్డట్టుగా. అతని చేతులను నేను గమనించి ఉండవలసింది. గమనించలేదు. ముఖం చూసి, ముఖం మీద దెబ్బలు లేవని ఊపిరి పీల్చుకున్నాను.

స్టేషన్ ముందర కంకర పోసిన చోట నిలబడ్డాం. పోలీసులు వరండాలో చేరారు. నేను ఇన్‌స్పెక్టర్ మాటలు అందుకున్నాను. ఆ జాగాలో ఆ మాటలు అంటున్నా గొంతు మాత్రం వణకలేదు. అది నా పని. "ఒప్పుకుంటవా, ఒప్పుకోవా" అని ముక్క ముగించి చెయ్యి విసిరాను. ఎల్లయ్య మెడ తిరిగింది. చప్పుడు లేదు.

మేము కలిసి వేసిన అన్ని ఆటల్లో అటువంటిది ఒక్కసారి జరగలేదు. వరండాలో నవ్వులు. ఎస్సై నవ్వలేదు. "ఇదేనా కొట్టడం?" అన్నాడు. "ఇరవై ఊళ్ళు దీన్ని చూశాయా? ఇంకోసారి చెయ్యండి. ఈసారీ ఇట్టాగే ఉంటే ఇద్దరూ లోపలికే."

ఎల్లయ్య పెదవులు కదపకుండా మాట్లాడాడు. స్టేజీ మీద మాకు అలవాటే. "అన్నా, చేతులు కలుస్తలేవు. రాత్రి అరచేతుల మీదనే కొట్టిండ్రు. నువ్వు అసలుకే కొట్టు. నేను పడ్త."

అప్పుడు చూశాను అతని చేతులను. వేళ్ళు వంగడం లేదు. అరచేతులు పొంగి, రంగు మారి ఉన్నాయి.

అసలుకే కొట్టడం ఎంతసేపు? మేనేజరు వెనక నుంచి, "కొట్టయ్యా, కొట్టు, పానం గండం దప్పుతది" అని గొణుగుతున్నాడు. కానీ మా పనిలో ఎదుటివాణ్ణి నిజంగా కొట్టినవాణ్ణి మళ్ళీ స్టేజీ ఎక్కనివ్వరు. అది ఒక సంగతి. అంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటి ఆ క్షణంలో తోచింది. నిజం దెబ్బ ఎవడైనా కొడతాడు. ఆ వరండాలో నిలబడ్డ ప్రతివాడికీ అది వచ్చు, దాని చప్పుడు ఎట్లా ఉంటుందో వాళ్ళకు నాకంటే బాగా తెలుసు. నేను నిజంగా కొడితే మేము నటులమని ఎట్లా రుజువవుతుంది? ఉత్తుత్తి దెబ్బను నిజంలా వినిపిస్తేనే ఎల్లయ్య బయటపడతాడు.

ఎస్సై వైపు తిరిగాను. "సార్, మా ఆటల ఎవ్వని యేషమైనా ఎవ్వడైనా ఎయ్యాలె. ఈసారి ఇన్‌స్పెక్టర్ అతను, దెబ్బలు తినేది నేను. ఒక్కసారి సూడుండ్రి."

అది పచ్చి అబద్ధం. అట్లా మేము ఎప్పుడూ మార్చుకోలేదు. ఎస్సైకి విసుగుకంటే వింత ఎక్కువైనట్టుంది, కానివ్వమన్నాడు. బల్ల మీద ఉన్న మా ఖాకీ చొక్కా ఎల్లయ్యకు ఇచ్చారు. తొడుక్కున్నాడు గాని గుండీలు పెట్టుకోలేకపోయాడు. కాసేపు అందరం చూస్తూ నిలబడ్డాం. చివరికి జమేదారు మెట్లు దిగి వచ్చి, తల ఎత్తకుండా, కింది నుంచి పైదాకా ఒక్కొక్క గుండీ పెట్టాడు. బెల్టు కూడా అతనే బిగించాడు.

ఎల్లయ్య మొదలుపెట్టాడు. నా మాటలన్నీ అతనికి నోటికి వచ్చు. ఎన్నేళ్ళుగానో ఆ మాటలు ఎదురుగా నిలబడి విన్నవాడు కదా. నా విరుపులు, నా దమ్ము తీసుకునే చోట్లు, అన్నీ దించాడు. ఆ తర్వాత ఒకచోట ఆగాడు. ముక్క మరిచాడనుకున్నాను. మరవలేదు. గొంతు తగ్గించి, నా ముఖం దగ్గరికి వచ్చి, మా ఆటలో ఎక్కడా లేని మాటలు అన్నాడు.

"ఎవడిదిరా ఈ గొట్టం? ఎవడికి పట్టుకెళ్తన్నావ్? నీ ఎనకాల ఎంతమందున్నారు? నాకు నిద్ర లేదు, నీకూ నిద్ర లేకుండా చేస్తా."

యాస మాది కాదు. మాట చివర విసురు, నడుమ నడుమ గేటు వైపు చూసే చూపు, అన్నీ వరండాలో నిలబడ్డ మనిషివి. ఒక్క రాత్రిలో నేర్చుకున్నవి. పోలీసులు నవ్వు ఆపేశారు. మేనేజరు కళ్ళు మూసుకున్నాడు. నేను మాత్రం కళ్ళు మూసుకునేందుకు లేదు, అతని భుజం మీదనే చూపు పెట్టాను. చెయ్యి లేచేముందు భుజం కదులుతుంది.

చెయ్యి లేచింది. నేను మెడ తిప్పి, నడుము పక్కన రెండు చేతులూ బలం కొద్దీ కలిపాను. ఛళ్ళుమన్నది. గేటు దగ్గరి సెంట్రీ ఉలిక్కిపడి తుపాకీ తిప్పాడు. పడటం నాకు రాదు. ఎల్లయ్య భుజం ఆనించి, తొడ ఆనించి, ఆ తర్వాత తల వాల్చేవాడు. నేను దుంగలాగా కంకర మీద పడి మోచెయ్యి చీరుకున్నాను. అక్కడే పడుకుని చూస్తే ఎల్లయ్య చెయ్యి నా చెంపకు తాకనే లేదని అందరికీ తెలుస్తూనే ఉంది. కానీ వరండాలో ఒక పోలీసు తన చెంప తడుముకుంటున్నాడు.

జమేదారే ముందు నోరు తెరిచాడు. "నాటకాలోల్లే సార్" అన్నాడు మెల్లగా.

ఎస్సై మెట్ల దాకా వచ్చాడు. ఆయన ముఖంలో కోపం ఉన్నదా, ఇంకేమైనా ఉన్నదా నాకు తెలియలేదు. మనుషుల ముఖాలు చదవడం నా పనిలో భాగమే అయినా తెలియలేదు.

"ఈ వేషం ఎన్నాళ్ళ నుంచి వేస్తున్నావు?" అని అడిగాడు.

"ఇయ్యాల్నే మొదలు సార్" అన్నాడు ఎల్లయ్య.

ఎస్సై కాసేపు అతని చేతుల వైపు చూశాడు. తర్వాత గొట్టం ఇక్కడే ఉంటుంది, మనుషులు వెళ్ళొచ్చు అన్నాడు. చొక్కా విప్పేసి పొమ్మన్నాడు. జమేదారు మళ్ళీ వచ్చి గుండీలు విప్పాడు. క్షమాపణ అన్న మాట ఎవరి నోటా రాలేదు. అప్పుడు ఆశించలేదు. ఇప్పుడు ముసలితనంలో తలుచుకుంటే, ఎందుకు ఆశించలేదని నా మీద నాకే కోపం వస్తుంది.

గేటు దాటాక ఎల్లయ్య నా మోచెయ్యి చూసి, "పడుడు రాదు నీకు. గట్ల పడితే రెండో ఆటకు మనిషివి మిగులవు" అన్నాడు.

"నేర్పు మరి" అన్నాను.

"ఇన్నేండ్లు కొట్టినవు గదనే, సూడలేదా?"

చూడలేదు. నేను జనాన్ని చూశాను.

కోరుట్ల ఆట ఆగలేదు. దెబ్బ చప్పుడు ఆ రోజు డోలక్ వాయించేవాడు ఇచ్చాడు. జనం చప్పట్లు కొట్టారు. డోలక్ దెబ్బకూ ఎల్లయ్య దెబ్బకూ తేడా నాకు తెలుసు. వానాకాలం నాటికి అతని చేతుల వాపు తగ్గింది గాని వేళ్ళు సాపుగా కాలేదు. చప్పట్టు కొడితే గాలి తప్ప చప్పుడు రాదు. మూటలు ఎత్తడం కూడా కష్టమైంది. దెబ్బల వేషానికి వేరే మనిషిని చూస్తానని మేనేజరు అన్నప్పుడు నేను మొదటిసారి ఆయనతో తగువు పెట్టుకున్నాను. ఆ దసరా నుంచి మా సమాజం ఆటల్లో ఇన్‌స్పెక్టర్ పాత్ర ఎల్లయ్యది. కరపత్రంలో పేరు పడింది. దెబ్బలు తినే జీతగాడు నేను. పడటం అతనే నేర్పించాడు, మా షెడ్డులో నూలు మూటల మీద. దొర వేషాలు, షావుకారు వేషాలు నాకు మిగిలాయి. జనం అడిగేవారు, గంత కఠినమైన మనిషి గీ వేషం ఎందుకు కట్టిండని. జవాబు చెప్పేంత ఓపిక నాకు ఎప్పుడూ లేదు. ఎల్లయ్య ఆ వేషం వేసినన్నాళ్ళూ, స్టేషన్ ముందు అన్న మాటలు మాత్రం మళ్ళీ అనలేదు. అవి రాతప్రతిలో లేవు, పర్మిషన్ రాదు అనేవాడు.

కఠిన పాత్ర గురించి నన్ను అడిగేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. అందులో మన బలం ఏమీ లేదు. ఎదుటివాడు చప్పుడు ఇస్తేనే మనది దెబ్బ. ఆ తర్వాత నేను కఠిన పాత్ర వేసిన ప్రతి ఆటకూ, ముందుగా ఎదుటివాని అరచేతులు చాపించి చూసేవాణ్ణి. ఆ తర్వాతే మీసం అంటించుకునేవాణ్ణి.